గోకర్ణమా, వర్కలా, తరంగంబాడియా: బెంగళూరు నుంచి సముద్రతీర విశ్రాంతికి ఊరు ఎంచుకునే తీరు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నాలుగు రోజుల సెలవు దొరికితే ఎక్కువగా రెండే దారులు కనిపిస్తాయి: ఒకటి సొంత ఊరు, రెండోది తిరుమల. వాటి విలువ వాటిదే కాని, ఆ రెండింటిలో ఏదీ విశ్రాంతి ప్రయాణం కాదు. ఊరికి వెళితే పలకరించవలసిన ఇళ్ళు బోలెడు, కొండకు వెళితే నిలబడవలసిన క్యూలు బోలెడు. ఏ పనీ పెట్టుకోకుండా, సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో, ఒకే గదిలో నాలుగు రోజులు ఉండి రావాలనుకునేవారి కోసం ఈ పోలిక. ఇందులో ఉన్నవి నాలుగు ఊళ్ళు: కర్ణాటకలో గోకర్ణం, కేరళలో వర్కల, తమిళనాడులో తరంగంబాడి, మామల్లపురం. గోవా, పుదుచ్చేరి ఇందులోకి రావు. అవి బాగుండవని కాదు, చిన్న ఊళ్ళు కావు, వాటి గురించి సలహా ఇప్పటికే కావలసినంత దొరుకుతుంది.

ఊరిని ఎంచుకునేటప్పుడు చాలామంది అక్కడ చూడవలసిన స్థలాల జాబితాతో మొదలుపెడతారు. విశ్రాంతి కోరేవారికి ఆ జాబితా దాదాపు పనికిరాదు. ఏ నెలలో వెళుతున్నాం, ఎవరితో వెళుతున్నాం, రైలు దిగాక గది తలుపు చేరేదాకా ఎంత శ్రమ ఉంది అన్న మూడు ప్రశ్నలకు ఆ వరుసలోనే జవాబు చెప్పుకుంటే ఊరి పేరు సగానికి పైగా తేలిపోతుంది.

ముందు నెల, తరువాత ఊరు

బెంగళూరుకు రెండు సముద్రాలు ఇంచుమించు సమాన దూరంలో ఉండటం మనకున్న గొప్ప సౌకర్యం. అయితే ఆ రెండు తీరాలూ ఒకే నెలలో బాగుండటం అరుదు. నైరుతి రుతుపవనాలు జూన్ మొదట్లో కేరళను తాకి, పడమటి కనుమలు అడ్డుపడటం వల్ల సెప్టెంబరు దాకా అరేబియా తీరమంతటా కుండపోతగా కురుస్తాయి. గోకర్ణం, వర్కల ఆ నాలుగు నెలల్లో అలల ఉద్ధృతి వల్ల స్నానానికి పనికిరావు. తీరంలోని పాకల హోటళ్ళు చాలావరకు మూసివేస్తారు. వర్కలలో ఇసుక కోతకు గురై, వేసవిలో విశాలంగా ఉండే తీరం కొన్ని వారాలపాటు సన్నని పట్టీగా మిగులుతుంది. అదే సమయంలో తమిళ తీరం కనుమల వర్షచ్ఛాయలో ఉంటుంది కనుక, ఎండ మండినా, సాయంత్రం ఒక జల్లు పడినా, మొత్తం మీద రోజు చేతిలో ఉంటుంది. అక్టోబరు నుంచి ఈ లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోరమండల్ తీరానికే వాన తెస్తాయి, బంగాళాఖాతంలో తుఫానులు కూడా ఎక్కువగా అప్పుడే పుడతాయి. 2018 నవంబరులో గజ తుఫాను నాగపట్నం జిల్లాను దెబ్బతీసింది. 2024 నవంబరు ఆఖరున ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది.

దీనిని మన పండుగల సెలవులకు అన్వయించుకుంటే ఎంపిక ఇంకా సులువవుతుంది. ఆగస్టు పదిహేను, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి చుట్టూ కలిసివచ్చే సెలవులకు తూర్పు తీరమే తగినది. దసరాకు తూర్పు తీరం అదృష్టం మీద ఆధారపడుతుంది. కేరళలో కూడా తులావర్షమని పిలిచే మధ్యాహ్నపు ఉరుముల వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఉంటాయి కనుక, ఆ రోజుల్లో ఈ ఊళ్ళలో ఉత్తరంగా ఉన్న గోకర్ణమే నమ్మదగినది. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు పడమటి తీరం అత్యుత్తమంగా ఉంటుంది. సంక్రాంతి దాటాక తూర్పు తీరం కూడా తేరుకుంటుంది. పిల్లలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో రెండు తీరాలూ ఉక్కపోతతో ఉంటాయి. ఆ నెలలు తప్పనిసరి అయితే ఏసీ గదికి డబ్బు పెట్టి, ఉదయం ఏడు లోపల, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే ఇసుక మీదికి వెళ్ళే క్రమం పెట్టుకోవాలి.

చేపల కోసమే సముద్రానికి వెళ్ళేవారు మరొక క్యాలెండరు కూడా చూసుకోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో మరపడవల వేటను తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు నిషేధిస్తారు. కేరళ తన తీరంలో జూన్ రెండో వారం నుంచి జూలై ఆఖరు వరకు 52 రోజులపాటు ట్రాలింగ్ (మరపడవలతో వల ఈడ్చే వేట) నిషేధం అమలు చేస్తుంది. సంప్రదాయ పడవలు అప్పుడు కూడా వెళతాయి కాని, దొరికే రకాలు తగ్గి ధర పెరుగుతుంది. సముద్రం ఎదురుగా కూర్చుని ఐసు చేప తినవలసి రావడం ఏ భోజనప్రియుడికీ నచ్చదు.

గోకర్ణం

ఉత్తర కన్నడ జిల్లాలోని గోకర్ణం ఒక ఊరి పేరుతో ఉన్న రెండు ఊళ్ళు. మొదటిది మహాబలేశ్వరుడి క్షేత్రం. రావణుడి చేతిలోని ఆత్మలింగాన్ని బాలుడి రూపంలో వచ్చిన గణపతి నేల మీద పెట్టేసిన కథ మన ఇళ్ళలో తెలియనివారుండరు. పిఠాపురంలో అవతరించారని భక్తులు నమ్మే శ్రీపాద శ్రీవల్లభులు కొంతకాలం ఇక్కడ ఉన్నారని దత్త సంప్రదాయం చెప్పుకుంటుంది కనుక, గోదావరి జిల్లాల భక్తులకు ఈ ఊరితో అదనపు అనుబంధం ఉంది. రెండవది ఊరికి దక్షిణంగా కొండల మధ్య వరుసగా ఉన్న కుడ్లె, ఓం, హాఫ్ మూన్, ప్యారడైజ్ తీరాలు. కుటుంబంలో పెద్దవారికి దర్శనం, చిన్నవారికి సముద్రం కావలసినప్పుడు ఒకే ఊరిలో రెండూ కుదరడం గోకర్ణానికి ఉన్న పెద్ద అనుకూలత. ఆలయంలోకి పురుషులు చొక్కా తీసి, పంచె కట్టుకుని వెళ్ళాలి. పంచె ఇంటి నుంచే సర్దుకుంటే గుడి వీధిలో హడావుడిగా కొనే పని ఉండదు.

గది ఎక్కడ తీసుకోవాలన్నదే ఇక్కడ అసలు నిర్ణయం. ఊరి మధ్యలో, కోటితీర్థం చుట్టుపక్కల గది తీసుకుంటే గుడి, భోజన హోటళ్ళు, బస్టాండు నడక దూరంలో ఉంటాయి. కాని ఎదురుగా ఉన్న ప్రధాన తీరం యాత్రికులతో రద్దీగా ఉంటుంది, విశ్రాంతి అక్కడ దొరకదు. కుడ్లె తీరంలో గది తీసుకుంటే తలుపు తీయగానే ఇసుక. అయితే వాహనం తీరం దాకా రాదు, పైన దిగి సామానుతో మెట్లు దిగి నడవాలి. చక్రాల పెట్టెలు అక్కడ పనికిరావు, వీపు సంచులే తీసుకెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులతో వెళ్ళేవారు ఈ ఒక్క విషయాన్ని గది యజమానిని ఫోనులో స్పష్టంగా అడగాలి: కారు దిగిన చోటు నుంచి గదికి ఎన్ని మెట్లు? ఫొటోలలో మెట్లు కనిపించవు. ఓం తీరానికి రోడ్డు దగ్గరగా వస్తుంది, అక్కడ కూడా చివర మెట్లు తప్పవు. రోజువారీ సందర్శకులు ఎక్కువగా దిగేది కూడా అక్కడే కనుక, ఓం తీరాన్ని ఒక పూట చూసివచ్చి కుడ్లెలో బస చేయడం మేలని నా అభిప్రాయం. హాఫ్ మూన్, ప్యారడైజ్ తీరాలకు నడకదారి లేదా పడవ మాత్రమే దిక్కు. చిన్నపిల్లలున్నవారు వాటిని మరచిపోవచ్చు.

బెంగళూరు నుంచి కార్వార్ వెళ్ళే పంచగంగ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయలుదేరి మర్నాడు ఉదయం గోకర్ణ రోడ్ స్టేషన్‌లో దించుతుంది. అక్కడి నుంచి ఊరు సుమారు తొమ్మిది కిలోమీటర్లు. రాత్రి బస్సులు కూడా చాలా ఉన్నాయి. కనుమల దారిలో రాత్రంతా ఒరిగే బస్సులో పడుకోవడం కంటే రైలులోనే నిద్ర పడుతుంది. వానాకాలంలో మాత్రం రైలైనా రోడ్డైనా పూచీ లేదు. సకలేశపుర, సుబ్రహ్మణ్య మధ్య 57 సొరంగాలున్న ఘాట్ మార్గంలో కొండచరియలు విరిగిపడి రైళ్ళు ఆగిపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది. 2024 జూలైలో అంకోలా దగ్గరి శిరూరులో కొండ విరిగి జాతీయ రహదారి మీద పడింది, ప్రాణనష్టం కూడా జరిగింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గోకర్ణం వద్దనడానికి సముద్రం కంటే ఇది పెద్ద కారణం.

రద్దీ విషయంలో రెండు హెచ్చరికలు. మహాశివరాత్రికి ఇక్కడ రథోత్సవం జరుగుతుంది. భక్తితో వెళ్ళేవారు తప్పక వెళ్ళవలసిన సమయం అదే, విశ్రాంతికి వెళ్ళేవారు తప్పక తప్పించుకోవలసిన సమయమూ అదే. శుక్రవారం సెలవు వచ్చిన ప్రతి వారాంతంలోనూ మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్‌లలో సగం ఆఫీసులు అక్కడికే తరలివస్తాయి. మన అపార్టుమెంటు పొరుగువారిని కుడ్లె తీరంలో పలకరించడానికి పన్నెండు గంటలు ప్రయాణం చేయనక్కరలేదు. ఆదివారం రాత్రి బయలుదేరి గురువారం తిరిగి వచ్చేలా సెలవు పెట్టగలిగితే అదే తీరం సగం ఖాళీగా కనిపిస్తుంది.

వర్కల

కేరళలో తిరువనంతపురం జిల్లాలో ఉన్న వర్కలకు ప్రత్యేకత సముద్రాన్ని ఆనుకుని నిలువుగా లేచిన ఎర్రటి కొండచరియ. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది, ఈ రకం శిలాస్తరాలకు శాస్త్రంలో ఈ ఊరి పేరే పెట్టారు. ఆ చరియ అంచు వెంబడి కాలిబాట, బాటకు ఒక పక్క వరుసగా హోటళ్ళు, ఇంకో పక్క కింద సముద్రం. రోజంతా ఒక కుర్చీలో కూర్చుని, పుస్తకం చదువుకుంటూ, సాయంత్రం సూర్యాస్తమయం చూసి లేవాలనుకునేవారికి ఈ నాలుగు ఊళ్ళలో ఇంతకంటే అనువైన చోటు లేదు.

ప్రయాణం ఎక్కువే. బెంగళూరు నుంచి కన్యాకుమారి వెళ్ళే ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే వర్కల శివగిరి స్టేషన్‌లో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం కావొస్తుంది. కాని స్టేషన్ నుంచి తీరం దాకా ఆటోలో కొద్ది నిమిషాలే పడుతుంది, గది తలుపు దాకా బండి వెళ్ళే విడుదులు కూడా చాలా ఉన్నాయి. విమానంలో తిరువనంతపురం వెళ్ళి కారులో రావచ్చు. అయితే ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్ళి విమానాశ్రయం చేరడానికి పట్టే సమయాన్ని కూడా కలిపి లెక్కవేసుకుంటే ఆదా అయ్యే గంటలు టికెట్టు ధరకు తగినన్ని ఉండవు. నాలుగు రోజుల సెలవులో వర్కల ఇరుకవుతుంది. అయిదారు రోజులుంటేనే దానిని పెట్టుకోవాలి.

ఉత్తర చరియ మీద దుకాణాలు, సంగీతం, రాత్రి పొద్దుపోయేదాకా మనుషుల సందడి ఉంటాయి. దక్షిణపు వైపు, లేదా ఉత్తరంగా ఎడవ దిక్కుకు వెళ్ళినకొద్దీ నిశ్శబ్దం పెరుగుతుంది. తీరంలోకి దిగడానికి ఏటవాలు మెట్లే గతి, రోజుకు రెండుసార్లు దిగి ఎక్కడం అరవై దాటినవారికి సరదాగా ఉండదు. అంతకంటే ముఖ్యంగా, చరియ అంచు అన్నిచోట్లా కంచె వేసి ఉండదు, కొన్నిచోట్ల కోసుకుపోయి విరిగిపడింది కూడా. పరుగులు తీసే వయసు పిల్లలున్న తల్లిదండ్రులకు ఆ బాట పక్కన మనశ్శాంతి ఉండదు. వారు ఎంత మంచి గది దొరికినా చరియ మీద తీసుకోకూడదు.

ఇక్కడి పాపనాశం తీరంలో పితృకార్యాలు చేస్తారు. కర్కాటక మాసపు అమావాస్యకు, అంటే సాధారణంగా మన ఆషాఢ అమావాస్యకు, తర్పణాల కోసం వేలమంది వస్తారు. పక్కనే శివగిరిలో కేరళ సంఘ సంస్కర్త శ్రీనారాయణ గురు సమాధి ఉంది. డిసెంబరు 30 నుంచి జనవరి 1 వరకు జరిగే శివగిరి తీర్థయాత్రకు పసుపు వస్త్రాలు ధరించిన యాత్రికులు రాష్ట్రమంతటి నుంచి చేరుకుంటారు. కొత్త సంవత్సరానికి వచ్చే పర్యాటకులు కూడా అప్పుడే వస్తారు కనుక, ఆ మూడు రోజులు తప్ప జనవరిలో ఏ రోజైనా ఫరవాలేదు. వాన అంటే ఇష్టపడి, సముద్ర స్నానం అక్కరలేదనుకునేవారికి మాత్రం జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు ఉండే కర్కాటక మాసం చిత్రమైన అవకాశం. ఆయుర్వేద చికిత్సకు కేరళలో దానినే శ్రేష్ఠమైన కాలంగా భావిస్తారు, ఊళ్ళో జనం కూడా పలచగా ఉంటారు.

భోజనం గురించి ఒక మాట. గోకర్ణంలో నీరు దోసె, అన్నం, సాంబారు మన నాలుకకు దగ్గరగానే ఉంటాయి. వర్కల చరియ మీది హోటళ్ళు విదేశీయుల అభిరుచికి తగ్గట్టు వండుతాయి. అసలైన కేరళ భోజనం కోసం స్టేషన్ దగ్గరి బజారులోకి వెళ్ళాలి, అక్కడ వడ్డించే లావు ఎర్రబియ్యం అన్నం సన్నబియ్యానికి అలవాటు పడ్డవారికి మొదటి పూట మింగుడు పడదు. పొడి డబ్బా ఒకటి వెంట ఉంటే ఇంట్లో పెద్దవారి ఫిర్యాదులు సగం తగ్గుతాయి.

తరంగంబాడి

తమిళనాడులోని మయిలాడుదురై జిల్లాలో ఉన్న ఈ ఊరి గురించి బెంగళూరు తెలుగువారిలో విన్నవారు తక్కువ, వెళ్ళినవారు మరీ తక్కువ. నిజానికి ఈ నాలుగింటిలో తెలుగు చరిత్రతో నేరుగా ముడిపడిన ఊరు ఇదే. 1620లో ఇక్కడ కోట కట్టుకోవడానికి డేనిష్ వారికి అనుమతి ఇచ్చినవాడు తంజావూరు పాలకుడు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసి, తెలుగు కవులను పోషించిన ఆ రఘునాథుడే. డేనిష్ నౌకాధిపతి ఓవ్ గెడ్డె ఆధ్వర్యంలో కట్టిన డాన్స్‌బోర్గ్ కోట సముద్రం ఒడ్డున ఇప్పటికీ నిలిచి ఉంది. 1845లో డేనిష్ వారు ఊరిని ఆంగ్లేయులకు అమ్మివేశారు. 1706లో వచ్చిన జీగెన్‌బాల్గ్ అనే మతబోధకుడు ఇక్కడే అచ్చుయంత్రం తెప్పించి తమిళంలో పుస్తకాలు ముద్రించాడు. ఆయన కట్టించిన న్యూ జెరూసలేం చర్చి 1718 నాటిది. కోటకు కొద్ది దూరంలో, అలలు మెట్లదాకా వచ్చే చోట, 14వ శతాబ్దపు ఆరంభంలో పాండ్యుల కాలంలో కట్టిన మాసిలామణినాథర్ ఆలయం ఉంది. సముద్రం దాని ముందు భాగాన్ని చాలావరకు మింగేసింది.

వీటన్నింటినీ ఒక ఉదయం నడిచి చూడవచ్చు. ఆ తరువాత చేయడానికి ఏమీ ఉండదు, ఈ ఊరిని నేను సిఫార్సు చేయడానికి కారణమే అది. ప్రధాన వీధిలో పాత ఇళ్ళు, మధ్యాహ్నం దాదాపు ఎవరూ తిరగని రోడ్డు, సాయంత్రం కోట ముందు కూర్చునే స్థానిక కుటుంబాలు, అంతే. పాత వలసకాలపు భవనాలలో కొన్నింటిని విడుదులుగా మార్చారు, అవి కొద్ది గదులే కనుక ముందుగా మాట్లాడుకోవాలి. హోటళ్ళు తక్కువ, సాయంత్రం ఎనిమిది తరువాత తినడానికి దొరికేది ఇంకా తక్కువ. కాబట్టి బస చేసే చోటే భోజనం పెడతారా అని అడిగి ఖాయం చేసుకోవాలి. స్నానానికి ఈ సముద్రం మంచిది కాదు, కోత వల్ల తీరంలో చాలాచోట్ల రాళ్ళు పరిచారు. 2004 డిసెంబరు సునామీ ఈ ఊరిని తీవ్రంగా దెబ్బతీసింది. సముద్రంలో మునగడమే ముఖ్యమనుకునే యువకులకు ఇక్కడ రెండో రోజే విసుగు పుడుతుంది.

పెద్దవారితో వెళ్ళేవారికి మాత్రం దీనికి సాటి లేదు. నేల చదునుగా ఉంటుంది, మెట్లు లేవు, బండి గుమ్మం దాకా వస్తుంది. పైగా షష్టిపూర్తులకు, ఎనభై ఏళ్ళ శాంతులకు ప్రసిద్ధి చెందిన తిరుక్కడయూరు అభిరామి ఆలయం ఇక్కడికి పది కిలోమీటర్ల లోపే ఉంది. తల్లిదండ్రుల షష్టిపూర్తి అక్కడ జరిపించి, అదే రోజు తిరిగి రాకుండా తరంగంబాడిలో మూడు రోజులు ఉండిపోవడం ఎంతో బాగుంటుందని నా ఉద్దేశం. మైసూరు నుంచి బెంగళూరు మీదుగా వెళ్ళే రాత్రి రైలు తంజావూరు, కుంభకోణం దాటి ఉదయానికి మయిలాడుదురై చేరుస్తుంది. అక్కడి నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు కారులో వెళ్ళాలి. తమిళం బొత్తిగా రానివారు విడిది వారి ద్వారానే కారు మాట్లాడించుకోవడం సుఖం.

మామల్లపురం గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. బెంగళూరు నుంచి ఉదయపు వందే భారత్‌లో చెన్నై చేరి, అక్కడి నుంచి అరవై కిలోమీటర్లు కారులో వెళితే మధ్యాహ్న భోజనం వేళ కాస్త దాటేసరికి గదిలో ఉంటారు. రాత్రి ప్రయాణం పడనివారికి, రెండు రోజులే సెలవు ఉన్నవారికి ఇది సరిపోతుంది. 1984లో యునెస్కో జాబితాలో చేరిన పల్లవ శిల్పాలు పిల్లలకు చూపించదగినవి. కాని శని, ఆదివారాల్లో చెన్నై మొత్తం అక్కడే ఉంటుంది, సముద్రం స్నానానికి ప్రమాదకరం. సోమవారం నుంచి గురువారం మధ్య అయితేనే వెళ్ళాలి.

మన సొంత తీరం ఎందుకు లేదని పాఠకులు అడగవచ్చు. డచ్చివారి సమాధులు, పాత బంగళాలు ఉన్న భీమునిపట్నం ఈ జాబితాలో చేరడానికి అన్ని విధాలా అర్హమైనదే. ఇబ్బంది ఒక్కటే, విశాఖపట్నంలో బంధువులుంటే ఆ నాలుగు రోజులూ భీమిలిలో గడవవు, వారి ఇంట్లో గడుస్తాయి.

ఎవరు ఎటు

జంటగా వెళ్ళేవారు, అయిదారు రోజుల వ్యవధి ఉన్నవారు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వర్కల వెళ్ళాలి. మిత్రబృందానికి, అలాగే నడవగలిగిన పెద్దవారు, ఈత నేర్చుకుంటున్న పిల్లలు కలిసిన కుటుంబానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గోకర్ణం సరైనది. నడవలేని పెద్దవారు వెంట ఉంటే నెల ఏదైనా, అక్టోబరు నుంచి డిసెంబరు తప్ప, తరంగంబాడి. ఆగస్టు సెలవులకు కూడా అదే, కాకపోతే ఎండను లెక్కలో పెట్టుకుని ఏసీ ఉన్న గదే తీసుకోవాలి. రెండేళ్ళ లోపు పిల్ల ఉన్న ఇంటివారికి మామల్లపురంలో ఈత కొలను ఉన్న విడిది చాలు, దూర ప్రయాణం ఆ వయసు పిల్లలకు, తల్లులకు శిక్ష తప్ప మరొకటి కాదు.

ఏ ఊరైనా స్నానానికి దిగే ముందు లైఫ్‌గార్డులను అడగాలి, ఎర్రజెండా ఉంటే దిగకూడదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు తగ్గాక తిరిగి రావాలన్నది పిల్లలకు బయలుదేరే ముందే చెప్పి ఉంచవలసిన విషయం. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. ఓం తీరంలో రాళ్ళ మీద పాచి ఉంటుంది, ఫొటోల కోసం వాటి మీదికి ఎక్కనివ్వకూడదు.

డబ్బు విషయంలో, డిసెంబరు 20 నుంచి జనవరి 2 వరకు గది అద్దెలు పడమటి తీరంలో మామూలు రోజుల మీద రెట్టింపు దాటుతాయి. సంక్రాంతి తరువాతి వారానికి వాయిదా వేసుకుంటే వాతావరణం అదే, అద్దె తక్కువ. రైలు రిజర్వేషను 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు కనుక, తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకుని ఆ ఉదయమే కొనాలి, వారాంతపు బెర్తులు త్వరగా అయిపోతాయి. తప్పినవారికి ప్రయాణానికి ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం పది గంటలకు, స్లీపరుకు పదకొండు గంటలకు తత్కాల్ ఉంటుంది. కుటుంబమంతటికీ దాని మీద ఆధారపడటం మంచిది కాదు. తిరుగు ప్రయాణాన్ని ఆదివారం రాత్రికి కాక శనివారం రాత్రికి పెట్టుకోవాలి. సోమవారం ఉదయం రైలు ఆలస్యమై, యశ్వంతపురం నుంచి నేరుగా ఆఫీసుకు పరుగెత్తవలసి వస్తే, నాలుగు రోజుల విశ్రాంతి ఔటర్ రింగ్ రోడ్డు మీదనే కరిగిపోతుంది.